సరంధ్ర వాహకాలపై జంతుకణ వర్ధనం: చికిత్సా ప్రోటీన్ల తయారీ

గత భాగంలో మీరు జంతుకణ వర్ధనానికి కావలసిన యానకం, సీరం పాత్ర, పరికరాలను సూక్ష్మజీవరహితం చేసే పద్ధతులు చదివారు. ఆ కణాలను ఎక్కడ నివసింపజేయాలన్నది ఈ భాగంలో మన ప్రశ్న. సీసా గోడ మీదా, చిన్న బంతి మీదా, లేక బంతి లోపలి రంధ్రాలలోనా? చదవగానే ఇది సామాన్లు సర్దుకునే సమస్యలా అనిపిస్తుంది. కాని ఒక మందు రోగికి అందడం, అందకపోవడం ఈ చోటు మీద ఆధారపడిన సందర్భాలున్నాయి. అందుకే యంత్రం బొమ్మతో కాకుండా ఒక వ్యాధితో మొదలుపెడుతున్నాను.

ఒక ఎంజైమ్ లోపిస్తే

పాతబడిన రక్తకణాలను మింగి జీర్ణం చేసుకునే పని మన శరీరంలో మాక్రోఫేజ్‌లది. మింగిన కణత్వచాలలో గ్లూకోసెరెబ్రోసైడ్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టేది లైసోసోమ్‌లలోని గ్లూకోసెరెబ్రోసైడేజ్ అనే ఎంజైమ్. ఈ ఎంజైమ్ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపంతోనే వస్తే ఆ కొవ్వు విడిపోదు. దానితో ఉబ్బిన మాక్రోఫేజ్‌లు ప్లీహంలో, కాలేయంలో, ఎముక మజ్జలో పేరుకుపోతాయి. పిల్లవాడి పొట్ట పెద్దదవుతుంది, రక్తం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎముకలు నొప్పిపెడతాయి. 1882లో దీన్ని మొదట వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ గోషే పేరుతోనే ఇది గోషే వ్యాధి అయింది. లోపించిన ఎంజైమ్ ఏదో 1960ల మధ్యలో అమెరికాలో రాస్కో బ్రేడీ బృందం తేల్చింది.

లేని ఎంజైమ్‌ను బయటి నుంచి ఇవ్వడమే చికిత్స. అయితే ఎంజైమ్ ఎక్కడి నుంచి తేవాలి? 1991లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందును కాన్పు తరవాత పడే మానవ జరాయువుల నుంచి తీశారు. ఒక్క రోగికి ఏడాదికి సరిపడే మందు కోసం సుమారు 20,000 జరాయువులు కావలసి వచ్చేవి. లోకంలోని ప్రసూతి ఆస్పత్రులన్నీ తిరిగినా ఈ పద్ధతిలో అందరు రోగులకూ మందు చేయలేమని మీరే చెప్పగలరు. 1994లో ఇమిగ్లూసెరేజ్ వచ్చింది. మానవ జన్యువును చైనా హామ్‌స్టర్ అండాశయ కణాలలో ప్రవేశపెట్టి, ఆ కణాల చేత ఎంజైమ్‌ను తయారు చేయించిన మందు అది. సెరెజైమ్ అన్న పేరుతో అమ్ముతారు. పెద్ద మోతాదులో కిలో బరువుకు 60 యూనిట్ల చొప్పున రెండు వారాలకోసారి సిరలోకి ఎక్కిస్తారు. జీవితాంతం ఎక్కించవలసిందే.

ఇక్కడ మీకు సందేహం రావాలి. ఇన్సులిన్‌ను 1982 నుంచే బాక్టీరియా చేత చేయిస్తున్నాం కదా? 1997లో మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను ఈస్ట్ చేత చేయించింది కదా? సున్నితమైన, ఖర్చెక్కువైన జంతుకణాలు ఎందుకు? ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు ఒక్కటే కాదు కనుక. మన ఎంజైమ్‌లో 497 అమైనో ఆమ్లాలున్నాయి. వాటికి తోడు నాలుగు చోట్ల చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. మాక్రోఫేజ్ ఉపరితలం మీద మానోజ్ అనే చక్కెరను గుర్తుపట్టే గ్రాహకాలు ఉన్నాయి. ఎంజైమ్ చక్కెర గొలుసు చివర మానోజ్ కనిపిస్తేనే మాక్రోఫేజ్ దాన్ని లోపలికి తీసుకుంటుంది. సాధారణ బాక్టీరియా ఈ చక్కెరలను అతికించలేదు. జంతుకణం అతికిస్తుంది. తరవాత కర్మాగారంలో మరో మూడు ఎంజైమ్‌లతో గొలుసు చివరి చక్కెరలను ఒక్కొక్కటిగా కత్తిరించి మానోజ్‌ను బయటపెడతారు. చక్కెర గొలుసు ఒక రకంగా చిరునామా. చిరునామా లేని ఉత్తరం ఎంత చక్కగా రాసినా చేరదు.

ఆనుకునే చోటు

శరీరం నుంచి తీసిన కణాలలో చాలా రకాలు ఏదో ఒక తలానికి అంటుకుంటేనే విభజన చెందుతాయి. వీటిని ఆధారాపేక్షిత కణాలు అంటారు. టీకాల తయారీలో వాడే వీరో కణాలు అలాంటివే. హైదరాబాదు సంస్థలు రూపొందించిన అభయ్‌రాబ్ రేబిస్ టీకా, కొవాగ్జిన్ రెండింటికీ వీరో కణాలే మూలం. చైనా హామ్‌స్టర్ అండాశయ కణాలు మరీ అంత పట్టుదల గలవి కావు. 1957లో థియొడోర్ పక్ వేరుచేసిన ఈ కణాలు తలం దొరికితే అంటుకుంటాయి, అలవాటు చేస్తే ద్రవంలో తేలుతూ కూడా పెరుగుతాయి. ఈ తేడాను గుర్తుంచుకోండి, చివర మళ్ళీ అవసరమవుతుంది.

తలం కావాలంటే మొదట తట్టే ఆలోచన సీసా. మీ ప్రయోగశాలలో చూసే చిన్న వర్ధన ఫ్లాస్కు అడుగు వైశాల్యం 75 చదరపు సెంటీమీటర్లు. మెల్లగా దొర్లుతూ ఉండే రోలర్ సీసాలో లోపలి గోడ మొత్తం పనికొస్తుంది కనుక 850 చదరపు సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది. రక్తహీనతకు ఇచ్చే ఎరిత్రోపొయెటిన్‌ను మొదట్లో ఇలాంటి రోలర్ సీసాలలోనే తయారు చేశారు. పని జరుగుతుంది గాని, ఉత్పత్తి పది రెట్లు కావాలంటే సీసాలూ పది రెట్లు కావాలి. ప్రతి సీసా మూత తీసిన ప్రతిసారీ సూక్ష్మజీవి లోపలికి వచ్చే అవకాశం ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోని బిల్ట్‌హోవెన్ ప్రజారోగ్య సంస్థలో పనిచేసిన వాన్ వెజెల్ 1967లో ఈ చిక్కును తలకిందులు చేశాడు. కణాలను గోడ దగ్గరికి తీసుకువెళ్ళడం దేనికి, గోడనే ముక్కలు చేసి ద్రవంలో తేల్చితే పోలేదా? రసాయన శాస్త్రవేత్తలు పదార్థాలను వేరుచేయడానికి వాడే సెఫడెక్స్ అనే డెక్స్‌ట్రాన్ పూసలను తీసుకుని వాటి మీద కణాలను పెంచాడు. వీటికి సూక్ష్మ వాహకాలు అని పేరు. ఎంత తలం దొరుకుతుందో చూడండి. సైటోడెక్స్-1 అనే పూసలు పొడిగా ఒక గ్రాము తీసుకుంటే వాటి ఉపరితలం సుమారు 4,400 చదరపు సెంటీమీటర్లు. లీటరు యానకంలో 5 గ్రాములు వేస్తే 22,000 చదరపు సెంటీమీటర్లు. అంటే 26 రోలర్ సీసాల తలం ఒక్క లీటరులో ఇమిడిపోయింది.

వాన్ వెజెల్ మొదట వాడిన పూసల మోతాదు పెంచినప్పుడు కణాలు చనిపోయేవి. కణాల ఉపరితలానికి రుణావేశం ఉంటుంది కనుక అవి అంటుకోవడానికి పూసలకు ధనావేశం ఇస్తారు. ఆ ఆవేశం మరీ ఎక్కువైందని, తగ్గిస్తే పెరుగుదల బాగుంటుందని 1970లలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు చూపారు. పట్టు చాలకపోయినా కష్టమే, మితిమీరినా కష్టమే.

బంతి మీద కాదు, బంతి లోపల

గట్టి పూస మీద పెరిగే కణం స్థితి ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడిది. పట్టు ఉంది గాని రక్షణ లేదు. యానకాన్ని కలిపే మరలు తిరుగుతుంటే ద్రవంలో సుడులు పుడతాయి. పూస పరిమాణంతో పోల్చదగ్గంత చిన్న సుడులు పూస మీది కణాలను గీరేస్తాయి. పూసలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. గాలి బుడగ పగిలిన చోట కణత్వచాలు చిరుగుతాయి. నెమ్మదిగా కలిపితే ఆక్సిజన్ చాలదు, గట్టిగా కలిపితే కణాలు రాలిపోతాయి.

దీనికి జవాబుగా 1980లలో వచ్చినవి సరంధ్ర వాహకాలు. ఎండిన నేతిబీరకాయ పీచును విరిచి చూసి ఉంటారు. పైన కనిపించే దానికన్నా లోపల తలం ఎన్నో రెట్లు ఎక్కువ, అన్ని గదులూ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఆ పీచు నిర్మాణాన్ని మిల్లీమీటరులో నాలుగో వంతుకు కుదిస్తే మనకు కావలసిన వాహకం వస్తుంది. సెఫడెక్స్ పూసలకు కూడా రంధ్రాలుంటాయి గాని అవి అణువులు దూరేంత చిన్నవి. 15 మైక్రోమీటర్ల కణం అందులోకి వెళ్ళలేదు. సరంధ్ర వాహకం అని ఇక్కడ మనం అంటున్నది కణం నడిచి వెళ్ళి కాపురం పెట్టగలిగేంత రంధ్రాలున్న దాన్ని మాత్రమే. పరీక్షలో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

ఎన్ని పదార్థాలతో చేశారో చెప్పాలంటే పెద్ద పట్టిక అవుతుంది, పట్టిక బట్టీపట్టి ప్రయోజనమూ లేదు. మూడు మాదిరులు తెలిస్తే చాలు. సైటోపోర్ సెల్యులోజుతో చేసిన గోళం. వ్యాసం 200 నుంచి 280 మైక్రోమీటర్లు, రంధ్రాల సగటు వెడల్పు 30 మైక్రోమీటర్లు, మెల్లగా కలిపే తొట్టెలో వాడతారు. కల్టిస్ఫర్ అనేది జెలటిన్ గోళం. కణాలనే బయటికి తీసుకోవాలంటే ఎంజైమ్‌తో వాహకాన్ని మొత్తంగా కరిగించేయవచ్చు. ఫైబ్రాసెల్ గోళం కాదు, పాలియెస్టర్ పీచును పాలీప్రొపిలీన్ జాలీతో కలిపి నొక్కిన 6 మిల్లీమీటర్ల బిళ్ళ. వాటిని బుట్టలో కదలకుండా పేర్చి యానకాన్ని వాటి గుండా ప్రవహింపజేస్తారు. దీన్ని ప్యాక్డ్ బెడ్ అంటారు. బరువైన సరంధ్ర గోళాలను కింది నుంచి పైకి పోయే ప్రవాహంతో తేల్చి ఉంచితే అది ఫ్లూయిడైజ్డ్ బెడ్.

మొదట కణాలు వాహకాలలోకి చేరాలి. ఇక్కడ అదృష్టం పాత్ర ఉంది. వాహకానికి సగటున ఒక్క కణం చొప్పున వేస్తే 37 శాతం వాహకాలలో ఒక్క కణమూ పడదు. సగటు మూడైతే ఖాళీ వాహకాలు 5 శాతం, ఐదైతే ఒక శాతం కన్నా తక్కువ. గణాంక శాస్త్రంలో మీరు చదివిన పాయిజాన్ విభాజనం ఇదే. ఖాళీగా మిగిలిన గట్టి పూస చాలా రకాల కణాలతో చివరి దాకా ఖాళీగానే ఉండిపోతుంది. చైనా హామ్‌స్టర్ కణాలు మాత్రం ఒక వాహకం వదిలి మరొక దానికి వలసపోగలవు. కనుక నిండిన వాహకాలలో కొన్నింటిని కొత్త వాహకాలున్న పెద్ద తొట్టెలో వేస్తే చాలు, కణాలే సర్దుకుంటాయి.

ఊపిరి లెక్క

లోపలికి చేరిన ప్రయాణికుడికి పడిపోతానన్న భయం లేదు. కాని కిక్కిరిసిన బస్సు మధ్యలో నిలబడితే గాలి ఆడదు. సరంధ్ర వాహకం గుట్టంతా ఇందులోనే ఉంది. కణాన్ని సుడుల నుంచి కాపాడే గోడే దానికి ఆక్సిజన్‌ను దూరం చేస్తుంది. కాగితం, పెన్సిలు తీసుకుని నాతో పాటు లెక్క వేయండి.

37 డిగ్రీల వద్ద గాలితో సంతృప్తమైన లీటరు యానకంలో కరిగే ఆక్సిజన్ సుమారు 0.2 మిల్లీమోల్ మాత్రమే. అదే యానకంలో గ్లూకోజ్ దీనికి పదుల రెట్లు ఉంటుంది. కనుక ముందుగా కరువొచ్చేది తిండికి కాదు, ఊపిరికి. జంతుకణం గంటకు వాడుకునే ఆక్సిజన్ రమారమి 0.2 పికోమోల్ అనుకుందాం. ఒక మోల్‌ను లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోమోల్. మిల్లీలీటరుకు 10 లక్షల కణాలుంటే లీటరుకు 100 కోట్లు. అవి గంటకు వాడేది 0.2 మిల్లీమోల్. అంటే గాలి ఆపేస్తే కరిగి ఉన్న ఆక్సిజన్ గంటలో అయిపోతుంది. మిల్లీలీటరుకు కోటి కణాలుంటే ఆరు నిమిషాలు. కణాలు బాగా నిండిన రంధ్రాలలో సాంద్రత కణజాలంలో మాదిరిగా మిల్లీలీటరుకు 10 కోట్లకు చేరగలదు. అక్కడి నిలవ 36 సెకన్లకు సరిపోతుంది.

మీ శరీరంలో ఈ సమస్యను తీర్చేది రక్తకేశనాళికలు. చాలా కణజాలాలలో ఏ కణమూ నాళికకు 100, 200 మైక్రోమీటర్ల కన్నా దూరంలో ఉండదు. వాహకంలో నాళికలు లేవు. ఆక్సిజన్ బయటి నుంచి లోపలికి విసరణం ద్వారానే రావాలి, దారిలో ప్రతి కణమూ తన వాటా తీసుకుంటుంది. గోళం కేంద్రానికి ఆక్సిజన్ సరిగ్గా అందే గరిష్ఠ వ్యాసార్థానికి సూత్రం ఇది: వ్యాసార్థపు వర్గం = 6 × విసరణ గుణకం × బయటి ఆక్సిజన్ గాఢత ÷ కణాలు ఆక్సిజన్‌ను వాడుకునే రేటు.

విలువలు వేద్దాం. కణాలు, పీచు అడ్డున్నందువల్ల విసరణ గుణకాన్ని సెకనుకు 0.000015 చదరపు సెంటీమీటర్లుగా తీసుకోండి. బయటి యానకంలో ఆక్సిజన్‌ను సంతృప్త స్థాయిలో సగం, అంటే మిల్లీలీటరుకు 0.1 మైక్రోమోల్ వద్ద నిలిపాం. మిల్లీలీటరు రంధ్రాలలో 10 కోట్ల కణాలు గంటకు 20 మైక్రోమోల్‌లు, అంటే సెకనుకు 0.0056 మైక్రోమోల్ వాడుకుంటాయి. లవం 0.000009. దాన్ని 0.0056తో భాగిస్తే 0.0016. వర్గమూలం 0.04 సెంటీమీటరు, అంటే 0.4 మిల్లీమీటరు.

ఇప్పుడు సైటోపోర్ పరిమాణం మళ్ళీ చూడండి. దాని వ్యాసార్థం 0.1 నుంచి 0.14 మిల్లీమీటరు, మన పరిమితికి బాగా లోపలే ఉంది. బయటి ఆక్సిజన్ మనం నిలిపిన స్థాయిలో దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతే గాని కేంద్రంలోని కణానికి ఊపిరాడకుండా పోదు. అర మిల్లీమీటరు వ్యాసమున్న గోళం తీసుకుంటే ఆ వెసులుబాటు తగ్గుతుంది, బయటి స్థాయి ఐదింట రెండు వంతులకు దిగగానే కేంద్రం దెబ్బతింటుంది. వాహకాన్ని పెద్దది చేసి ఎక్కువ కణాలను ఇముడ్చుదామన్న ఆశకు ఈ వర్గమూలం కళ్ళెం వేస్తుంది. బిళ్ళల విషయం కాస్త వేరు. ప్యాక్డ్ బెడ్‌లో యానకం పీచు గుండా ప్రవహిస్తుంది కనుక విసరణం ఒక్కటే ఆధారం కాదు. అయితే కణాలు పెరిగి పీచు సందులు పూడుకుపోతే ప్రవాహం తేలికైన దారి వెతుక్కుంటుంది, పక్కనున్న బిళ్ళలు ఎండిన కాలువ చివరి పొలాల్లా మిగిలిపోతాయి.

ఊపిరాడని కణం వెంటనే చనిపోదు. ముందు గ్లూకోజును లాక్టేట్‌గా మార్చి బతుకుతుంది. లాక్టేట్ పెరిగి ఆమ్లత పెరుగుతుంది. గ్లుటమిన్ నుంచి వచ్చే అమ్మోనియా పేరుకుంటే చక్కెర గొలుసులు అసంపూర్తిగా తయారవుతాయి. గోషే ఎంజైమ్‌కు చక్కెర గొలుసు ఎంత ముఖ్యమో ముందే చూశాం. కనుక వాహకం కేంద్రంలోని ఆక్సిజన్ మట్టం ఇంజనీరు ఒక్కడి తలనొప్పి కాదు, మందు నాణ్యతకు సంబంధించిన విషయం.

కణాలను ఉంచి, ద్రవాన్ని మార్చి

ఇన్ని ఇబ్బందులున్న వాహకాన్ని ఎందుకు భరించడం? నా అభిప్రాయంలో తలం దొరకడం కన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. కణాలను తొట్టెలోనే ఉంచి పాత ద్రవాన్ని తీసి కొత్తది పోయవచ్చు. ద్రవంలో మునిగే గోళం అడుగుకు దిగే వేగం దాని వ్యాసపు వర్గానికి అనులోమంగా ఉంటుందని స్టోక్స్ నియమం చెబుతుంది. సాంద్రతలో తేడా సమానమే అనుకుంటే, 15 మైక్రోమీటర్ల విడి కణం కన్నా 240 మైక్రోమీటర్ల వాహకం 256 రెట్లు వేగంగా దిగుతుంది. విడి కణాలను ఆపడానికి వడపోత పొరలో, సెంట్రిఫ్యూజో కావాలి, పొరలు పూడుకుపోతాయి. వాహకాలకు కొద్దిగా నిశ్చలంగా ఉండే చోటు చూపిస్తే చాలు, అవే దిగిపోతాయి, పైనున్న తేట ద్రవాన్ని తోడుకోవచ్చు. బియ్యం కడిగి నీళ్ళు వంపే వారికి ఈ సూత్రం కొత్త కాదు.

ఇలా నిరంతరంగా యానకం మార్చే పద్ధతిని పర్‌ఫ్యూజన్ అంటారు. తొట్టె నిండా పట్టేంత యానకాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు మార్చడం మామూలు. అమ్మోనియా, లాక్టేట్ కొట్టుకుపోతాయి. కణాలు స్రవించిన ప్రోటీన్ కూడా కొద్ది గంటల్లో బయటికి వచ్చి చల్లని పాత్రలో చేరుతుంది. కొన్ని మందులకు ఇది ప్రాణం. లైసోసోమ్‌ల ఆమ్ల వాతావరణంలో పనిచేయవలసిన గ్లూకోసెరెబ్రోసైడేజ్ తటస్థ యానకంలో 37 డిగ్రీల వద్ద ఎక్కువ సేపు చెడకుండా నిలవదు. పదిహేను రోజులు తొట్టెలోనే ఉంచి చివర తీసుకుందామంటే దక్కేది తక్కువ. సెరెజైమ్‌ను సూక్ష్మ వాహకాలపై పర్‌ఫ్యూజన్ పద్ధతిలో తయారు చేయడం వెనక ఉన్న తర్కం ఇదే.

కనబడని కణాలను లెక్కించడం

నేను విశ్వవిద్యాలయంలో పనిచేసే రోజుల్లో ఒక పరిశోధక విద్యార్థి జెలటిన్ వాహకాలపై కణాలు పెంచుతున్నాడు. రోజూ కొద్దిగా నమూనా తీసి, సిట్రిక్ ఆమ్లంతో కణాలను విచ్ఛిన్నం చేసి, క్రిస్టల్ వయొలెట్‌తో రంగెక్కిన కేంద్రకాలను సూక్ష్మదర్శినిలో లెక్కించేవాడు. గట్టి పూసల మీద చక్కగా పనిచేసే పాత పద్ధతి అది. నాలుగో రోజు నుంచి సంఖ్య పెరగడం ఆగింది. ఐదో రోజూ అంతే. ‘కణాలు చచ్చాయి, పారబోసి మళ్ళీ మొదలుపెట్టు’ అన్నాను. అతను మర్యాదస్తుడు, మారు మాట్లాడకుండా పారబోశాడు. ఆ సాయంత్రం అంతకు ముందు రోజుల యానకం నమూనాల గ్లూకోజ్ ఫలితాలు వచ్చాయి. మూడో రోజు కన్నా ఐదో రోజున గ్లూకోజ్ వినియోగం రెట్టింపుకు పైగా ఉంది. చచ్చిన కణాలు తిండి తినవు కదా! కణాలు లోపలి రంధ్రాలలోకి పెరిగాయి. ఆ లోతు నుంచి కేంద్రకాలన్నీ బయటికి రాలేదు. మేము లెక్కపెట్టింది గుమ్మంలో నిలబడ్డ వాళ్ళను మాత్రమే. ఆరు వారాల పని నా తొందరపాటు వల్ల కాలువ పాలయింది.

అప్పటి నుంచి నా విద్యార్థులకు చెప్పేది ఒకటే: సరంధ్ర వాహకాలు వాడేటప్పుడు ఒక్క కొలతను నమ్మవద్దు. కేంద్రకాల సంఖ్యతో పాటు గ్లూకోజ్ వినియోగం, ఆక్సిజన్ వినియోగం చూడండి. కర్మాగారాలలో ద్రవం విద్యుద్ధారణను కొలిచే శలాకను తొట్టెలోనే అమర్చుతారు. చెక్కుచెదరని త్వచమున్న కణం చిన్న కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది, చచ్చిన కణం ప్రవర్తించదు. వాహకాన్ని కదిలించకుండానే లోపలి బతికిన కణాల అంచనా దొరుకుతుంది.

2009లో జరిగినది

నెలల తరబడి నడిచే తొట్టెకు ఒక బలహీనత ఉంది. ప్రతిరోజూ లోపలికి కొత్త యానకం వెళ్తూనే ఉంటుంది, దానితో పాటు ఏదైనా వెళ్ళవచ్చు. 2009 జూన్‌లో అమెరికాలో బోస్టన్ నగరంలోని ఆల్‌స్టన్ వద్ద ఉన్న జెంజైమ్ కర్మాగారంలో వెసివైరస్ 2117 బయటపడింది. సెరెజైమ్ తయారయ్యేది అక్కడే. ఈ వైరస్ మనుషులకు జబ్బు చేసినట్టు ఆధారం లేదు. కాని చైనా హామ్‌స్టర్ కణాలలో పెరిగి వాటిని దెబ్బతీస్తుంది. కణాల ఉత్పాదకత తగ్గడమే మొదటి ఆనవాలు. పోషక ముడిపదార్థంతో వచ్చి ఉంటుందని అనుమానించారు. కర్మాగారాన్ని ఆపి మొత్తం శుభ్రం చేయవలసి వచ్చింది.

ప్రపంచమంతటా గోషే రోగులకు సెరెజైమ్ కొరత ఏర్పడింది. డోసులు తగ్గించారు, కొందరికి వాయిదా వేశారు. అప్పటికి పూర్తి అనుమతి రాని రెండు మందులను ప్రత్యేక ఏర్పాటు కింద రోగులకు ఇవ్వడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వీలు కల్పించింది. ఒకటి మానవ కణాలలో చేసిన వెలాగ్లూసెరేజ్, 2010లో అనుమతి పొందింది. రెండోది టాలిగ్లూసెరేజ్, 2012లో అనుమతి పొందింది. ఈ రెండోది జంతుకణాలలో కాదు, క్యారెట్ కణాలలో తయారవుతుంది. జంతువుల వైరస్‌కు క్యారెట్‌తో పనిలేదు. మొక్క కణాలు అతికించే చక్కెర గొలుసు చివర మానోజ్ వచ్చేలా కూడా చేయగలిగారు కనుక తరవాత కత్తిరించే పని తప్పింది.

మన దేశంలో ఈ వ్యాధి 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో చేరింది. ఆ విధానం కింద గుర్తించిన విశిష్ట కేంద్రాలలో ఒకటి హైదరాబాదులోని డీఎన్ఏ వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం. నిజాం వైద్య విజ్ఞాన సంస్థతో కలిసి పనిచేస్తుంది. మీ ఊళ్ళో పెద్ద ప్లీహంతో, తగ్గని రక్తహీనతతో బాధపడే పిల్లలుంటే అది మలేరియానో, మరొకటో కావచ్చు. అవేవీ కావని తేలినప్పుడు ఈ పేరు కూడా వైద్యుడి దృష్టికి రావాలి.

నేటి పరిస్థితి

చైనా హామ్‌స్టర్ కణాలు అలవాటు చేస్తే తేలుతూ పెరుగుతాయని పైన అన్నాను. పరిశ్రమ ఎక్కువగా ఆ దారే పట్టింది. నేడు మోనోక్లోనల్ ప్రతిరక్షకాలలో అధిక భాగం వాహకాలు లేకుండా, పది వేల లీటర్లూ అంతకు మించిన తొట్టెలలో తేలే కణాలతోనే తయారవుతున్నాయి. ప్రతిరక్షకాలు గట్టి అణువులు, రెండు వారాలు తొట్టెలో ఉన్నా చెక్కుచెదరవు. వాటికి సరంధ్ర వాహకం అనవసరపు ఖర్చు. త్వరగా చెడే ఎంజైమ్‌లకు, ఆధారం లేనిదే పెరగని కణాలకు, టీకాల తయారీకి, జన్యుచికిత్సకు కావలసిన వైరస్ వాహకాలకు మాత్రం రంధ్రాల అవసరం తీరలేదు. కనుక ఏ పద్ధతి మేలని ఎవరైనా అడిగితే, ముందు ఏ ప్రోటీన్, ఏ కణం అని ఎదురు ప్రశ్న వేయండి.

మీరే చేయవలసిన లెక్క

పైన వాడిన విలువలే తీసుకుని, 1 మిల్లీమీటరు వ్యాసమున్న సరంధ్ర గోళం కేంద్రానికి ఆక్సిజన్ అందాలంటే బయటి యానకంలో గాఢత కనీసం ఎంత ఉండాలో కనుక్కోండి. తరవాత 2 మిల్లీమీటర్ల గోళానికి కూడా చేయండి.

సూచన: వ్యాసార్థం 0.4 మిల్లీమీటరుకు లీటరుకు 0.1 మిల్లీమోల్ సరిపోయింది. గాఢత వ్యాసార్థపు వర్గంతో పెరుగుతుంది. మొదటి దానికి జవాబు సుమారు 0.16 మిల్లీమోల్, గాలితో సాధ్యమే, వెసులుబాటు మాత్రం కొద్దిగానే ఉంది. రెండో దానికి 0.6 దాటుతుంది. గాలితో సంతృప్తమైన యానకంలో ఉండేదే 0.2 కనుక గాలి చాలదు, స్వచ్ఛమైన ఆక్సిజన్ పంపాలి. అప్పుడు కేంద్రంలోని కణం బతుకుతుంది గాని, బయటి పొరలోని కణాలు అంత ఆక్సిజన్‌ను తట్టుకోలేవు.